శాసనము, సంకీర్తనము, శోధన : దేవాలయ చరిత్ర గ్రంథాలయమునకు సుగమమైన ద్వారము

తిరుమల ఆలయములో ప్రతిరాత్రి జరుగు ఏకాంతసేవ భక్తులెల్లరకు సుపరిచితమే. పగలెల్ల భక్తకోటికి దర్శనమిచ్చిన స్వామికి అది పవళింపు వేళ. ధనుర్మాసమున తప్ప తక్కిన దినములలో భోగశ్రీనివాసమూర్తికి ఈ సేవ జరుగును. 'తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి' అని పెద్దలు చెప్పుకొను మాట ఈ సేవను గూర్చినదే. ఆ వెండి మూర్తిని సమర్పించినది సామవై అను పల్లవరాణి. లాలి 15వ శతాబ్దివాడైన అన్నమాచార్యుని వంశమువారిది. ముత్యాలహారతి తరిగొండ వెంగమాంబ (1730–1817) పేర జరుగునది. శతాబ్దముల ఎడముగల ముగ్గురి సేవలు స్వామి సన్నిధిలో ఒక్క గడియలో కలియుచున్నవి.

ఇప్పుడు దేవాలయ చరిత్రకు సంబంధించిన ఒక గ్రంథాలయమును ఊహింపుడు. అందు సామవై శాసనము తమిళ శాసనముల సంపుటములో ఉండును. తాళ్ళపాక వారి పాటలు సంకీర్తన సంపుటములలో ఉండును. వెంగమాంబ రచనలు కావ్యముల బీరువాలో ఉండును. ఈ గ్రంథాలయమే అంతర్జాలములో వెబ్‌సైటుగా వెలసినచో, ఆ మూడును మూడు వేరువేరు పట్టికలలో పడియుండును. ఒకదానిని చూచినవానికి తక్కిన రెండింటి జాడ తెలియదు. గర్భాలయములో కలిసియున్నవి గ్రంథాలయములో విడిపోవుచున్నవి. ఈ విడివాటును తొలగించి, అన్వేషకుడు సులభముగా గమ్యము చేరునట్లు అట్టి వెబ్‌సైటును ఎట్లు పునర్నిర్మింపవలెనో తెలిసికొనుటయే ఈ పాఠము.

దాచుట వేరు, దొరకుట వేరు

తాళ్ళపాక రాగిరేకుల కథ ఈ విషయమున మొదటి గురువు. అన్నమాచార్యుల సంకీర్తనములు ముప్పది రెండు వేలని సంప్రదాయము. వానిని రాగిరేకులపై చెక్కించి ఆలయములోనే ఒక అరలో భద్రపరచిరి. దానికే సంకీర్తన భాండాగారమని పేరు. రాగి చెదలు పట్టునది కాదు, నీటికి నానునది కాదు. రెండు వేలకు పైచిలుకు రేకులు, సుమారు పదునాలుగు వేల సంకీర్తనములు మనకు దక్కినవి. అయినను 20వ శతాబ్ది తొలి దశాబ్దుల వరకు లోకమునకు ఆ సంపద సంగతి దాదాపు తెలియదు. దేవస్థానము శాసన పరిశోధకులైన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగు పండితులు రేకులను చదివి, ప్రతులు వ్రాసి, సంపుటములుగా పరిష్కరించిన పిమ్మటనే ఆ పాటలు మరల జనుల నాలుకల మీదికి వచ్చినవి.

ఈ కథ చెప్పు నీతి స్పష్టము. వస్తువు చెడకుండుట రక్షణలో సగము మాత్రమే. కావలసినవానికి కావలసినప్పుడు దొరకుట తక్కిన సగము. నేడు ఒక ప్రాచీన గ్రంథమును పుటపుటకు ఛాయాచిత్రము తీసి, పేరు తప్ప మరేమియు వ్రాయక అంతర్జాలములో ఉంచినచో, అది మరల తలుపు మూసిన అరలో ఉంచుటయే అగును. అర రాతిది కాకపోవచ్చును, తలుపు మాత్రము మూసియే ఉన్నది.

వచ్చువారెవరు?

ఏ సంస్థయైనను తన వెబ్‌సైటును కట్టుకొనునప్పుడు సహజముగా తన కార్యాలయ విభాగముల ననుసరించి కట్టుకొనును. ప్రచురణ విభాగము, శాసన విభాగము, తాళపత్ర విభాగము, ఛాయాచిత్ర విభాగము అని గదులు ఏర్పడును. వచ్చు అన్వేషకునికి ఈ గదులతో పని లేదు. హరికథ చెప్పబోవు భాగవతునికి ఒక కీర్తన కావలెను. పరిశోధక విద్యార్థికి ఒక శతాబ్దపు దానశాసనములన్నియు కావలెను. పల్లెలోని ధర్మకర్తకు తమ ఊరి గుడికి పూర్వము ఎవరు మాన్యమిచ్చిరో కావలెను. ఆ సమాచారము ఏ విభాగములో ఉన్నదో వారికి తెలియదు, తెలియవలసిన అవసరమును లేదు.

భారత గ్రంథాలయశాస్త్ర పితామహులని పేరొందిన షియాలి రామామృత రంగనాథన్‌గారు (1892–1972) 1931లో ప్రకటించిన గ్రంథాలయశాస్త్ర పంచసూత్రములలో నాలుగవది చదువరి కాలమును ఆదా చేయవలెనన్నది. 1933లో వెలువడిన వారి కోలన్ వర్గీకరణ పద్ధతి ఒక విషయమును ఒకే గదిలో బంధింపక, పలు ముఖముల నుండి చూచును. ఆ ముఖములను వారు వ్యక్తిత్వము, ద్రవ్యము, శక్తి, స్థలము, కాలము అని ఐదింటిగా సూత్రీకరించిరి. నేటి వెబ్‌సైటులలో కనబడు పలుముఖముల జల్లెడకు మూలము ఈ భావనయే. దేవాలయ చరిత్రకు అన్వయించి చూచినచో అది ఇట్లుండును: ఎవరు? ఏ వస్తువు? ఏ సేవ లేక ఏ కార్యము? ఎక్కడ? ఎప్పుడు? మొదటి పుటలో ఈ ఐదు ప్రశ్నలు ఐదు ద్వారములై నిలువవలెను. ఏ ద్వారమున ప్రవేశించినను లోపలనున్న సంపద ఒక్కటే కావలెను.

సామవై శాసనమును ఈ రీతిగా వర్ణింపుడు. ఎవరు అనగా సామవై. వస్తువు వెండి మూర్తి, ఆభరణములు, భూములు. కార్యము దానము. స్థలము తిరుమల. తాళ్ళపాక రేకుల వర్ణనలోను, వెంగమాంబ రచనల వర్ణనలోను 'ఏకాంతసేవ' అను సేవానామమును చేర్చి, సామవై మూర్తి వర్ణనలోను అదే చేర్చినచో, ఆ ఒక్క మాట చాలును. మూడు గదులకు నడుమ ద్వారము తెరచుకొనును.

కాలనిర్దేశములో మెలకువ

ఐదు ముఖములలో కాలము మిక్కిలి జాగ్రత్తతో వ్రాయదగినది. దీనికి తాళ్ళపాక రేకులే చక్కని ఉదాహరణము. అన్నమాచార్యులు పదునారవ యేట, క్రోధి సంవత్సరమున, శకవర్షము 1346లో సంకీర్తనారచనకు పూనుకొనిరనియు, దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు, అనగా శకవర్షము 1424 వరకు, అది సాగినదనియు రేకు చెప్పుచున్నది. శకవర్షమునకు 78 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. 1346కు 78 కలుపగా 1424. కావున సంకీర్తనారంభము క్రీ.శ. 1424.

ఇక్కడ ఒక చిక్కు గమనింపుడు. ఆరంభము క్రీస్తుశకము 1424, అవసానము శకవర్షము 1424. రెండు సంఘటనలకు ఒకే అంకె. అన్వేషకుడు శోధన పెట్టెలో 1424 అని వ్రాసినచో, ఏ శకమో నిర్దేశింపని వెబ్‌సైటు ఆరంభమును అవసానముగాను, అవసానమును ఆరంభముగాను చూపగలదు. డెబ్బది ఎనిమిదేండ్ల తపస్సు ఒక్క అంకెలో అణగిపోవును.

మరియొక సూక్ష్మము కలదు. ఫాల్గుణము చాంద్రమాన సంవత్సరమునకు చివరి మాసము. అప్పటికి క్రీస్తుశకపు క్రొత్త సంవత్సరము ప్రవేశించియుండును. అట్టి తిథులకు 78 గాక 79 కలుపవలెను. 1424కు 79 కలుపగా 1503. అన్నమాచార్యుల నిర్యాణము 1503 అని చెప్పుట ఇందువలననే. యంత్రము గ్రుడ్డిగా 78 కలిపినచో 1502 అని చూపి, తెలిసినవారిని కూడ తికమక పరచును.

సంవత్సరనామము ఈ లెక్కకు మంచి సాక్షి. ప్రభవాది నామములు అరువదేండ్లకొకసారి తిరిగి వచ్చును. 1424లో వచ్చిన క్రోధి సరిగా పది ఆవృత్తముల తరువాత 2024లో వచ్చినది. కావున నామము ఒక్కటే చాలదు, శకాంకము ఒక్కటే చాలదు. రెండును సరిపోలినప్పుడే తేదీ నిలుచును. ప్రతి వస్తువు వర్ణనలోను మూలమునందున్న తేదీని ఉన్నదున్నట్లు ఒక గడిలోను, గణించిన క్రీస్తుశకమును వేరొక గడిలోను ఉంచవలెను. మొదటిది మూలసాక్ష్యము, రెండవది మన లెక్క. లెక్క తప్పినప్పుడు దిద్దుకొనుటకు మూలము చెరగక ఉండవలెను.

అభిప్రాయభేదమును దాచరాదు

లెక్కతో తీరని తగవులు కూడ ఉండును. సామవై శాసనము శకవర్షమును పేర్కొనదు, ఒక రాజుయొక్క పాలనలో 14వ సంవత్సరమని మాత్రమే చెప్పును. ఆ రాజు ఎవరన్న నిర్ణయమును బట్టి కొన్ని గ్రంథములు ఆ దానమును క్రీ.శ. 614 నాటిదనియు, మరికొన్ని క్రీ.శ. 966 నాటిదనియు వ్రాసినవి. నడుమ 352 సంవత్సరముల అంతరము! వెబ్‌సైటు 614 అని మాత్రమే వ్రాసినచో, పదవ శతాబ్దపు దానములను వెదకు విద్యార్థికి ఈ శాసనము కనబడదు. 966 అని మాత్రమే వ్రాసినచో ఏడవ శతాబ్దపు చరిత్ర వ్రాయువానికి కనబడదు. ఇద్దరును తాము చూచినదే సర్వమని నమ్మి గ్రంథములు వ్రాయుదురు. ఆ గ్రంథములను చదివినవారు మరల వ్రాయుదురు. ఇట్లు ఒక గడిలోని లోపము తరతరములకు ప్రాకును.

మార్గము కష్టమైనది కాదు. పాలనలో 14వ సంవత్సరము అను మూలవాక్యార్థమును ముందుగా ఉంచి, దాని క్రింద రెండు కాలనిర్ణయములను, వాని ఆధారములను చూపవలెను. శోధనలో రెండు కాలములకును శాసనము దొరకవలెను. స్థలపురాణము చెప్పినది, శాసనము చెప్పినది, కావ్యము చెప్పినది, పరిశోధకుడు ఊహించినది అను నాలుగింటిని వేరువేరు గుర్తులతో చూపుట కూడ ఇట్టిదే. ఇందు పురాణమునకు న్యూనత లేదు. భక్తుడు పురాణమును భక్తితో చదువును, చరిత్రకారుడు శాసనమును విమర్శతో చదువును. ఏది ఏదియో తెలియుట ఇద్దరికిని మేలు.

పేర్లు, అక్షరములు, ఊళ్ళు

తెలుగునాట అన్వేషకునికి పెద్ద అడ్డంకి అక్షరముల మార్పు. ఒకరు 'వేంకటేశ్వర' అని వ్రాయుదురు, మరియొకరు 'వెంకటేశ్వర' అని వ్రాయుదురు. 'తాళ్ళపాక' అనియు 'తాళ్లపాక' అనియు రెండు రీతులు వాడుకలో ఉన్నవి. పాత అచ్చులో అరసున్నలు, శకటరేఫములు ఉండును. నేటి చదువరి వానిని వ్రాయడు. మనుష్యుని కంటికి ఇవన్నియు ఒక్కటే. యంత్రమునకు మాత్రము ఒక్క గుర్తు మారినను వేరు పదమే. అందువలన పునర్నిర్మాణములో యంత్రమునకు ఈ సమత్వమును నేర్పుట మొదటి పనులలో ఒకటి కావలెను.

వ్యక్తినామములకు వేరొక ఏర్పాటు కావలెను. అన్నమయ్య, అన్నమాచార్యులు, అన్నమార్యుడు అను పేర్లన్నియు ఒక్క మహనీయునివే. క్షేత్రమునకు తిరుమల, తిరువేంగడము, వేంకటాద్రి, శేషాద్రి అను పేర్లు కలవు. తిరుమల తిరుపతి క్షేత్రములలో వెయ్యికి పైగా శాసనములు లభించినవి. వానిలో అత్యధికము తమిళములో ఉండగా, తెలుగు కన్నడములలో కొన్ని కలవు. తెలుగు మాత్రమే తెలిసిన భక్తుడు తెలుగులో అడిగినను తమిళ శాసనము జాడ తెలియవలెను. దీనికై ఒక నామసూచికను సిద్ధపరచి, ప్రతి వ్యక్తికి, ప్రతి క్షేత్రమునకు ఒకే ప్రధాననామము నిర్ణయించి, తక్కిన పేర్లన్నియు దానివైపు మళ్ళునట్లు చేయవలెను. ఇది యంత్రము చేయు పని కాదు. భాష తెలిసిన పండితుడు ఓపికతో కూర్చుండి చేయవలసిన పని.

ఊళ్ళ సంగతియు అట్టిదే. తిరుపతి 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండెను. ఆ యేట చిత్తూరు జిల్లా ఏర్పడగా అందులో చేరినది. 2022లో తిరుపతియే ఒక జిల్లా ఆయెను. ఊరు కదలలేదు, కాగితములలోని జిల్లా రెండుసార్లు మారినది. కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) సేకరింపజేసిన గ్రామ కైఫీయత్తులలోని సీమలు, పరగణాలు నేటి పటములలో కనబడవు. పత్రము వ్రాసిననాటి విభాగమును, నేటి మండలమును, జిల్లాను కలిపి నమోదు చేసినగాని పల్లెవాసికి తన ఊరి కైఫీయత్తు చిక్కదు.

బొమ్మ, పాఠము, చిరునామా

ఛాయాచిత్రములోని అక్షరమును శోధన పెట్టె చదువలేదు. బొమ్మనుండి పాఠమును తయారుచేయవలెను. యంత్రము చదివి ఇచ్చిన పాఠములో ఒత్తులు, దీర్ఘములు తారుమారగుట సామాన్యము. కావున పాఠమును మనుష్యుడు సరిచూచెనో లేదో ప్రతి పుటయందు తెలుపవలెను. బొమ్మయు పాఠమును ప్రక్కప్రక్కన ఉన్నచో చదువరియే తప్పును పట్టగలడు. ఆ తప్పును తెలుపుటకు ఒక మార్గమును ఉంచినచో చదువరి సేవకుడగును. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగులిపికి స్థానము కలిగినను, ఆ పద్ధతి వ్యాపించుటకు పూర్వము ఒక్కొక్క ముద్రణాలయము ఒక్కొక్క ఫాంటు వాడెను. ఆనాడు కూర్చిన పాఠములను యూనికోడునకు మార్చనిదే అవి నేటి శోధనకు అందవు.

తాళ్ళపాక సంపుటములు ఇంకొక పాఠము నేర్పుచున్నవి. వానిలో ప్రతి సంకీర్తనమును రేకు సంఖ్యతో గుర్తింతురు. గ్రంథము మరల అచ్చయినచో పుట మారవచ్చును, రేకు సంఖ్య మారదు. వెబ్‌సైటులోని ప్రతి వస్తువునకు ఇట్టి మారని సంఖ్యయు, దానిపై నిలిచిన మారని చిరునామాయు ఉండవలెను. వెబ్‌సైటును అందముగా మార్చు ఉత్సాహములో పాత చిరునామాలను తుడిచివేయుట తరచుగా జరుగు పొరపాటు. అప్పుడు విద్యార్థులు తమ సిద్ధాంతవ్యాసములలో ఇచ్చిన ఆధారములన్నియు ఒక్క రాత్రిలో నిరాధారములగును. తప్పనిసరిగా మార్చవలసివచ్చినచో పాత ద్వారమునుండి క్రొత్త ద్వారమునకు దారి చూపవలెను. గుడి ముఖద్వారమును మార్చినను పాత వీధిన వచ్చు యాత్రికునికి త్రోవ చెప్పువాడొకడు నిలువవలెను గదా!

పుటల బరువును కూడ గమనింపవలెను. వందలకొలది పుటల గ్రంథమును ఒకే మూటగా ఇచ్చినచో, చిన్న ఫోనుతో వెదకు పల్లెటూరి అర్చకునికి అది తెరచుకొనకపోవచ్చును. కావలసిన ఒక్క పుట విడిగా తెరచుకొనునట్లు ఉంచుట న్యాయము.

పరీక్ష

కట్టినవారి కన్నులకు తమ కట్టడము ఎప్పుడును సుగమమే. కావున వాడువారిచే పరీక్షింపజేయవలెను. ఐదుగురితో పరీక్షించినను ప్రధానమైన లోపములలో అధికభాగము బయటపడునని వెబ్‌సైటుల వాడుకను పరిశీలించిన జేకబ్ నీల్సన్ 2000లో వ్రాసెను. ఒక భాగవతుని, ఒక విద్యార్థిని, ఒక అర్చకుని, ఒక గృహిణిని, ఒక ధర్మకర్తను పిలిచి, ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రశ్న ఇయ్యవలెను. భోగశ్రీనివాసమూర్తిని ఎవరు సమర్పించిరి? ఈ పల్లవిగల సంకీర్తన ఏ రేకులో ఉన్నది? దాని రాగమేది? ఇట్లు అడిగి, సాయపడక, మౌనముగా వారి వ్రేలు ఎక్కడ ఆగుచున్నదో చూడవలెను. వ్రేలు ఆగిన చోటనే లోపమున్నది. వాడువానిది తప్పు కాదు.

'ఏమియు దొరకలేదు' అని ముగిసిన శోధనలను నెలకొకసారి చదువుట కూడ ఉపకారము. ఆ పట్టికలోని ప్రతి మాట తలుపు తట్టి వెనుదిరిగిన యొక అన్వేషకుడు. కొందరు వర్ణక్రమము తప్పి వ్రాసియుందురు. కొందరు నామసూచికలో లేని పేరు అడిగియుందురు. కొందరు గ్రంథాలయములో లేని వస్తువునే అడిగియుందురు. మొదటి రెండు సూచిక దిద్దుకొనుటకు, మూడవది సేకరణ పెంచుకొనుటకు దారి చూపును. దొరకనప్పుడు గ్రంథపాలకునికి ప్రశ్న పంపు మార్గము ఆ పుటయందే ఉండవలెను. యంత్రము చేతులెత్తిన చోట మనుష్యుడు చేయి అందించుట గ్రంథాలయధర్మము.

రక్షణ అనగానేమి?

తిరుమల శాసనములు అనేకము, ఈ ధర్మమును శ్రీవైష్ణవులు రక్షింతురుగాక యని ముగియును. దాత తన వెండిని, పొలమును, పేరును రాబోవు తరముల చేతిలో ఉంచి వెళ్ళెను. ఆ కాలమున రక్షణ యనగా దీపమునకు నేయి తప్పకుండుట, నైవేద్యమునకు ధాన్యము తప్పకుండుట. ఆ బాధ్యత నేటికిని ఉన్నది. దానితోపాటు, ఆ దాత మాట అడిగినవానికి వినబడునట్లు చేయుట కూడ నేటి రక్షణలో చేరినది.

ఇట్లు పునర్నిర్మితమైన గ్రంథాలయములో ఒక బాలిక ఏదో ఒక సాయంకాలమున 'సామవై' అని వ్రాయును. రాణి దానము కనబడును. దాని ప్రక్కన రెండు కాలనిర్ణయములు కనబడును. మూర్తినుండి ఏకాంతసేవకు, సేవనుండి లాలికి, లాలినుండి రాగిరేకునకు, అక్కడినుండి తరిగొండ వెంగమాంబ హారతికి ఆమె నడచును. శతాబ్దములు దాటిన ఆ నడకకు ఆమెకు పట్టినది కొన్ని నిమిషములు. తక్కిన కాలమంతయు చదువుటకు, తలచుటకు, పాడుకొనుటకు మిగులును.